గాలిలో ఆవిరెంత? జీపీఎస్ సిగ్నల్‌తో కొలవాలా, బెలూన్‌తోనా, రేడియోమీటర్‌తోనా

జీపీఎస్ సిగ్నల్ ఉపగ్రహం నుంచి రిసీవర్‌కు వచ్చే దారిలో రెండు చోట్ల ఆలస్యమవుతుంది. మొదటిది అయనావరణం, అంటే చాలా ఎత్తున విద్యుదావేశ కణాలున్న పొర. అక్కడి ఆలస్యం ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకుంటే దాన్ని దాదాపు పూర్తిగా తీసేయొచ్చు. రెండోది మనం పీల్చే గాలి ఉన్న పొర. అక్కడ రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకేలా ఆలస్యమవుతాయి, కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు. దాన్ని కూడా ఒక తెలియని రాశిగా పెట్టుకుని, స్థానంతో పాటే లెక్కకట్టాలి. సర్వే చేసేవాళ్లు ఇలా లెక్కకట్టి పక్కన పడేసే ఆ సంఖ్యలోనే నీటి ఆవిరి దాగి ఉందని, దాన్ని బయటికి తీయొచ్చని 1992లో మైకేల్ బెవిస్, స్టీవెన్ బిజింగర్, వారి సహచరులు చూపించారు. జీపీఎస్ వాతావరణ శాస్త్రానికి ఆ వ్యాసమే పునాది.

ఇప్పుడు ఆవిరిని కొలవడానికి ఈ పద్ధతి ఒక్కటే లేదు. బెలూన్లు ఉన్నాయి, రేడియోమీటర్లు ఉన్నాయి, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి, పాత కొలతల్ని వాతావరణ మోడల్‌తో కలిపి మళ్లీ లెక్కకట్టిన, ఏమీ కొనకుండా దించుకోగల రీఎనాలిసిస్ డేటా ఉంది. విద్యార్థులు, కొత్తగా స్టేషన్ పెట్టాలనుకునేవాళ్లు తరచూ ముందు పరికరం ఎంచుకుని, తర్వాత దానితో ఏం చేయాలా అని ఆలోచిస్తారు. ఈ పని తిరగబడి జరగాలి.

కొలతల పరిమాణం ఒకసారి మనసులో పెట్టుకుందాం. సముద్రమట్టం దగ్గర, నడినెత్తి దిశలో గాలి వల్ల సిగ్నల్ దారి సుమారు 2.4 మీటర్లు పొడవైనట్టు కనిపిస్తుంది. ఇందులో దాదాపు 2.3 మీటర్లు పొడి భాగం, అంటే గాలి బరువు వల్ల వచ్చేది. మిగిలింది తడి భాగం. ఎముకలు కొరికే చలిలో అది సున్నాకు దగ్గరగా ఉంటుంది, ఉష్ణమండలంలో బాగా ముసురు పట్టిన రోజున 40 సెంటీమీటర్ల దాకా పోతుంది. మన తల మీది గాలిలో ఉన్న ఆవిరంతా నీరై నేల మీద నిలిస్తే వచ్చే మందాన్ని పీడబ్ల్యూవీ అంటారు, మిల్లీమీటర్లలో చెబుతారు. తడి ఆలస్యాన్ని సుమారు 0.15తో గుణిస్తే పీడబ్ల్యూవీ వస్తుంది. మరోలా చూస్తే ఆరున్నర మిల్లీమీటర్ల ఆలస్యం ఒక మిల్లీమీటరు నీటికి సమానం. జాగ్రత్తగా చేసిన జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్, అలాంటి ఇతర ఉపగ్రహ వ్యవస్థలన్నిటికీ కలిపి పేరు) కొలతలో లోపం 1 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

ముందు మీ ప్రశ్న ఏమిటి?

మీకు కావాల్సింది మొత్తం ఆవిరి ఎంతన్నదా, లేక ఏ ఎత్తులో ఎంతన్నదా? ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. నేల మీది ఒక జీఎన్ఎస్ఎస్ రిసీవర్ మొత్తం మాత్రమే చెబుతుంది. తేమ నేలకు అంటుకుని ఉందా, మూడు కిలోమీటర్ల పైన ఉందా అన్నది ఆ ఒక్క సంఖ్యలో కనిపించదు. పిడుగుల వాన పడే అవకాశాన్ని అంచనా వేయాలంటే నిలువు అమరిక కావాలి, మొత్తం ఒక్కటే చాలదు. దట్టంగా స్టేషన్లు పెట్టి టోమోగ్రఫీ (అనేక దిశల ఆలస్యాల్ని కలిపి లెక్కకట్టడం) ద్వారా నిలువు అమరికను రాబట్టే ప్రయత్నాలు ఉన్నాయి, కానీ మొదటిసారి ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు నేను ఆ దారి సూచించను. దాని ఫలితం ముందే ఊహించి ఇచ్చిన ప్రొఫైల్ (ఎత్తు వారీ విలువల వరస) మీద చాలా ఆధారపడుతుంది.

రెండో ప్రశ్న, ఎంత తరచుగా కావాలి? మూడోది, ఒక చోటా, ప్రాంతమంతానా? నాలుగోది చాలామంది అడగరు: ఈ డేటా ఎన్నేళ్లు నడవాలి? నెల రోజుల ప్రయోగానికి పనికొచ్చే ఏర్పాటు ఇరవై ఏళ్ల రికార్డుకు పనికిరాకపోవచ్చు.

బెలూన్‌తో పోలిస్తే

రేడియోసాండ్ (కొలతల్ని రేడియోలో కిందికి పంపే చిన్న పరికరం) కట్టిన బెలూన్‌ను ఇప్పటికీ ఎవరూ పక్కకు నెట్టలేరు. ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, అన్నీ ఎత్తు ప్రకారం నేరుగా కొలుచుకుంటూ 30 కిలోమీటర్ల దాకా పోతుంది. నిలువు అమరిక కావాలంటే ముందు చూడాల్సింది దీన్నే.

ఇబ్బంది సమయంతో వస్తుంది. ప్రపంచంలో చాలా కేంద్రాలు రోజుకు రెండుసార్లు, 00, 12 యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) వేళలకు వదులుతాయి. కొన్ని చోట్ల రోజుకు ఒక్కసారే. ఆ రెండు వేళల మధ్య ఒక తేమ గాలి తెర వచ్చి వెళ్లిపోతే బెలూన్‌కు తెలియదు. నేల మీది జీఎన్ఎస్ఎస్ ఐదు, పదిహేను నిమిషాలకోసారి విలువ ఇస్తూ పోతుంది. వాన ముందు పీడబ్ల్యూవీ గబగబా పైకి లేవడం, వాన తర్వాత దిగడం చూడాలంటే ఇలాంటి కొలతే కావాలి. సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో పైకి లేచే బెలూన్ గాలికి పక్కకు కొట్టుకుపోతుంది కూడా. అంటే వదిలిన చోటి నిట్టనిలువు గాలిని అది కొలవడం లేదు.

నిజానికి జీఎన్ఎస్ఎస్ కూడా నిట్టనిలువుగా కొలవదు. అది చూసేది తలకిందులు పెట్టిన శంకువు ఆకారంలోని గాలిని. క్షితిజం నుంచి 10 డిగ్రీల ఎత్తులో ఉన్న ఉపగ్రహం సిగ్నల్ 2 కిలోమీటర్ల ఎత్తును దాటేచోటు రిసీవర్ నుంచి దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి పీడబ్ల్యూవీ అంటే ఆ చుట్టుపక్కల సగటు. ఈ విషయం మరిచిపోయి రెండింటి మధ్య ఉన్న ఒక మిల్లీమీటరు తేడాకు కారణాలు వెతుకుతూ కూర్చునేవాళ్లను చూశాను. ఆ తేడాలో కొంత రెండు పరికరాలూ వేర్వేరు గాలిని చూడటం వల్లే వస్తుంది.

నిలకడ విషయంలోనూ తేడా ఉంది. ప్రతి బెలూన్‌తో పాటు ఒక కొత్త సెన్సార్ పైకి పోతుంది, చాలావరకు తిరిగి రాదు. సాండ్ మోడల్ మారినప్పుడల్లా రికార్డులో మెట్టు పడొచ్చు. విస్తృతంగా వాడిన ఆర్ఎస్92 రకం సాండ్లలో పగటి ఎండకు సెన్సార్ వేడెక్కి తేమ తక్కువగా కనిపించేది. ఇలాంటి పగలు, రాత్రి తేడాలను పట్టుకోవడంలో జీపీఎస్ కొలతలతో పోల్చడం బాగా సాయపడింది. జీఎన్ఎస్ఎస్ కొలత మూలం కాలం, అంటే అణు గడియారాల లెక్క. అందుకే దానికి బెలూన్ సెన్సార్‌లా క్యాలిబ్రేషన్ (తెలిసిన విలువతో సరిచూసుకోవడం) అక్కర్లేదు. ఈ ఒక్క గుణం వల్లే నాకు ఈ పద్ధతి మీద అంత నమ్మకం.

రేడియోమీటర్, సన్ ఫోటోమీటర్, ఉపగ్రహ చిత్రాలు

మైక్రోవేవ్ రేడియోమీటర్ ఆకాశం నుంచి వచ్చే సహజ ఉద్గారాన్ని 22.235 గిగాహెర్ట్జ్ దగ్గరి నీటి ఆవిరి రేఖ చుట్టూ కొలుస్తుంది. 31 గిగాహెర్ట్జ్ దగ్గర మేఘంలోని నీటిని వేరు చేస్తుంది. నిమిషంలోపే కొత్త విలువ, కొంత నిలువు సమాచారం, మేఘజలం కూడా అదనంగా. ఏ దిశకు తిప్పితే ఆ దిశలో చూస్తుంది. మేఘాల మీద పనిచేసేవాళ్లకు జీఎన్ఎస్ఎస్ కంటే ఇదే సరైనది.

కానీ వాన పడితే దాని కిటికీ తడుస్తుంది, కొలత చెడుతుంది. సరిగ్గా ఆసక్తికరమైన గంటల్లోనే డేటాలో ఖాళీ. పైగా ద్రవ నైట్రోజన్‌తో అప్పుడప్పుడూ క్యాలిబ్రేట్ చేయాలి, చూసుకునే మనిషి ఉండాలి. జీఎన్ఎస్ఎస్ సిగ్నళ్ల తరంగదైర్ఘ్యం సుమారు 19 నుంచి 25 సెంటీమీటర్లు. వాన చినుకులు వాటికి అడ్డమే కావు. మనిషి లేని గుట్ట మీద ఏళ్ల తరబడి, వానలో కూడా నడవాలంటే రేడియోమీటర్ జోలికి పోవద్దు.

సన్ ఫోటోమీటర్ 940 నానోమీటర్ల దగ్గర సూర్యకాంతి ఎంత తగ్గిందో చూసి ఆవిరి చెబుతుంది. ఏరోనెట్ అనే ప్రపంచవ్యాప్త నెట్‌వర్క్ కేంద్రాల్లో ఇదే ఉంది. ఏరోసాల్ (గాలిలో తేలే ధూళి, పొగ కణాలు) కోసం ఇప్పటికే అది మీ దగ్గరుంటే పీడబ్ల్యూవీ ఉచితంగా వచ్చినట్టే. రాత్రి, మబ్బు పట్టినప్పుడు మాత్రం ఏమీ రాదు.

ఉపగ్రహ చిత్రాల బలం విస్తీర్ణం. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం పగటిపూట, మబ్బు లేనిచోట ఒక కిలోమీటరు స్పష్టతతో ఆవిరి పటం ఇస్తుంది. సముద్రం మీద మైక్రోవేవ్ ఇమేజర్లు మబ్బుల గుండా కూడా చూడగలవు. రిసీవర్ పెట్టడానికి నేలే లేని చోట ఇవి తప్ప దారి లేదు. ఒక చోట గంట గంటకూ కావాలంటే వీటితో కాదు.

పేరు ఒకటే, పని వేరు

జీపీఎస్‌తో ఆవిరి అని వెతికితే రేడియో అకల్టేషన్ కూడా ఎదురవుతుంది. ఇక్కడ రిసీవర్ నేల మీద ఉండదు, తక్కువ కక్ష్యలో తిరిగే ఉపగ్రహం మీద ఉంటుంది. జీపీఎస్ ఉపగ్రహం భూమి అంచు వెనక అస్తమిస్తున్నప్పుడు, ఉదయిస్తున్నప్పుడు సిగ్నల్ గాలిలో ఎంత వంగిందో కొలిచి నిలువు ప్రొఫైల్ తీస్తారు. 1995లో జీపీఎస్/మెట్ ప్రయోగం దీన్ని చేసి చూపింది. 2006లో ఆరు ఉపగ్రహాల కాస్మిక్, 2019లో కాస్మిక్-2 ఎగిరాయి.

నిలువుగా చాలా సూక్ష్మం, అడ్డంగా రెండు మూడు వందల కిలోమీటర్ల సగటు. ఎక్కడ, ఎప్పుడు ప్రొఫైల్ వస్తుందో మీ చేతిలో లేదు. పైన చల్లటి పొడి గాలిలో అద్భుతంగా పనిచేస్తుంది. తేమ నిండిన కింది రెండు కిలోమీటర్లలో, ముఖ్యంగా ఉష్ణమండల సముద్రాల మీద, సిగ్నల్ మరీ వంగిపోయి విలువ తక్కువగా వచ్చే సమస్య ఉంది. పైగా వంపులో ఉష్ణోగ్రత వాటా ఎంత, ఆవిరి వాటా ఎంత అని విడదీయడానికి వాతావరణ మోడల్ సాయం కావాలి. ప్రపంచ స్థాయి ప్రశ్నలకు ఇది, మీ ఊరు, మీ లోయ, మీ స్టేషన్ స్థాయి ప్రశ్నలకు నేల మీది రిసీవర్. రెండూ పోటీ కావు.

కొనే ముందు ఉన్నవి చూడండి

చాలామందికి కొత్త రిసీవరే అక్కర్లేదు. యూరప్ వాతావరణ అంచనా కేంద్రం తయారుచేసే ఈఆర్ఏ5 రీఎనాలిసిస్ 1940 నుంచి గంట గంటకూ సుమారు 31 కిలోమీటర్ల గళ్లలో పీడబ్ల్యూవీ ఇస్తుంది. నెలవారీ సగటు, పెద్ద ప్రాంతపు ధోరణి వంటి ప్రశ్నలకు అదే చాలు. కొండల్లో, తీరం అంచున, గంటలో పుట్టి పోయే మేఘాల విషయంలో అది చాలదు. నేల మీది జీఎన్ఎస్ఎస్ ఆలస్యాలు ఈఆర్ఏ5 తయారీలో కలవవు కాబట్టి, దాన్ని పరీక్షించడానికి ఇవి స్వతంత్ర సాక్ష్యంగా పనికొస్తాయి. పరిశోధన అంశం వెతుక్కుంటున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక సర్వే కోసం, భూకంప అధ్యయనం కోసం పెట్టిన శాశ్వత స్టేషన్లు వేలల్లో ఉన్నాయి. ఐజీఎస్ (అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సేవ) తన స్టేషన్లకు ఐదు నిమిషాలకోసారి మొత్తం ఆలస్యాన్ని లెక్కకట్టి ఉచితంగా పెడుతుంది. అమెరికాలోని నెవాడా జియోడెటిక్ లాబొరేటరీ పది వేలకు పైగా స్టేషన్లకు ఇదే పని చేస్తోంది. మీకు దగ్గర్లోని స్టేషన్ వాటిలో ఉంటే మీ పని ఆలస్యాన్ని ఆవిరిగా మార్చడం మాత్రమే.

కొత్తగా పెట్టక తప్పకపోతే, సర్వేకు వాడే ఖరీదైన జియోడెటిక్ రిసీవరా, చవకదా అన్న టెన్షన్ మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రిసీవర్‌లో పొదుపు చేయండి, యాంటెన్నాలో చేయకండి. యూ-బ్లాక్స్ ఎఫ్9పీ లాంటి రెండు ఫ్రీక్వెన్సీల చవక మాడ్యూల్‌కు మంచి యాంటెన్నా తగిలిస్తే పీడబ్ల్యూవీ పనికొచ్చే స్థాయిలోనే వస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ రిసీవర్ వద్దు, అయనావరణం దాని లెక్క మొత్తాన్ని తినేస్తుంది. యాంటెన్నా మాత్రం ఐజీఎస్ క్యాలిబ్రేషన్ ఫైల్లో పేరు ఉన్నదై ఉండాలి. సిగ్నల్ అందుకునే బిందువు యాంటెన్నా లోపల దిశను బట్టి కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది. దాన్ని సరిదిద్దకపోతే ఆ కదలిక నేరుగా ఆలస్యంలోకి, అక్కడి నుంచి ఆవిరిలోకి వచ్చేస్తుంది. కింది కోణాల్లో ఆకాశం తెరిపిగా ఉండాలి, దగ్గర్లో రేకుల కప్పు ఉండకూడదు, స్తంభం కదలకూడదు.

బారోమీటర్ సంగతి

అందరూ తేలిగ్గా తీసుకునేది, అసలు తేడా తెచ్చేది ఇదే. మొత్తం ఆలస్యం నుంచి పొడి భాగాన్ని తీసేయాలంటే సాస్తమోయినెన్ సూత్రంలో నేల దగ్గరి పీడనం వేయాలి. పీడనంలో ఒక హెక్టోపాస్కల్ తప్పయితే పొడి ఆలస్యంలో 2.3 మిల్లీమీటర్లు, పీడబ్ల్యూవీలో దాదాపు 0.35 మిల్లీమీటర్లు తప్పు. నేల దగ్గర ప్రతి 8 మీటర్ల ఎత్తుకూ ఒక హెక్టోపాస్కల్ మారుతుంది. అంటే యాంటెన్నా మిద్దె మీద, బారోమీటర్ కింది గదిలో ఉంటే ఆ ఎత్తు తేడా లెక్కలోకి రావాల్సిందే.

నేను మొదట్లో చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. స్టేషన్ 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. దగ్గర్లోని వాతావరణ కేంద్రం పీడనం తీసుకున్నాను, అది సముద్రమట్టానికి సర్దిన విలువ అని గమనించలేదు. దాదాపు 60 హెక్టోపాస్కల్స్ తేడా. పీడబ్ల్యూవీ 21 మిల్లీమీటర్లు తగ్గిపోయి, పొడి రోజుల్లో మైనస్‌లోకి వెళ్లింది. మైనస్ రావడం నయమైంది, లేకపోతే ఆ అంకెల్ని నమ్మేవాణ్ని. అప్పటినుంచి ఎవరు డేటా పంపినా ముందు అడిగేది ఇదే: ఈ పీడనం స్టేషన్‌దా, సముద్రమట్టానిదా?

సొంత బారోమీటర్ లేకపోతే ఈఆర్ఏ5 పీడనం తీసుకోవడం మంచి ప్రత్యామ్నాయం. అక్కడ ఇంకో ఉచ్చు ఉంది. జీఎన్ఎస్ఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమికి గణితంగా గీసిన నున్నటి ఆకారం) నుంచి, మోడల్ ఎత్తు జియాయిడ్ (సగటు సముద్రమట్టపు ఉపరితలం) నుంచి. రెండింటి మధ్య తేడా భూమి మీద కొన్ని చోట్ల 100 మీటర్ల దాకా ఉంటుంది. 80 మీటర్ల తేడాను పట్టించుకోకపోతే పీడబ్ల్యూవీలో మూడున్నర మిల్లీమీటర్లు పోయినట్టే. జీపీటీ3 లాంటి సగటు మోడళ్లు రుతువును బట్టి మామూలు పీడనం చెబుతాయి కానీ తుఫాను వచ్చిన రోజు పీడనం వాటికి తెలియదు. సరిగ్గా తుఫాను రోజే మీకు ఆవిరి కావాలి. వాటిని చివరి దిక్కుగానే ఉంచండి.

తడి ఆలస్యాన్ని ఆవిరిగా మార్చే 0.15 కూడా స్థిరాంకం కాదు. అది గాలి స్తంభపు సగటు ఉష్ణోగ్రతను బట్టి కొద్దిగా మారుతుంది. నేల దగ్గరి గాలి ఉష్ణోగ్రతను 0.72తో గుణించి 70.2 కలిపి ఆ సగటును రాబట్టే బెవిస్ సూత్రం అందరికీ తెలిసిందే, రెండూ కెల్విన్లలో. ఆ సూత్రం అమెరికాలోని రేడియోసాండ్ల డేటా నుంచి వచ్చింది. ఉష్ణమండలంలో దాన్ని గుడ్డిగా వాడకుండా ఈఆర్ఏ5 నుంచి లెక్కకట్టుకోవడం మేలు. 5 కెల్విన్ల తప్పు 50 మిల్లీమీటర్ల పీడబ్ల్యూవీలో దాదాపు ఒక మిల్లీమీటరు తప్పు తెస్తుంది. అయినా పీడనం తప్పుతో పోలిస్తే ఇది చిన్నదే.

వాతావరణ అంచనా మోడల్‌కు డేటా పంపేవాళ్లకు ఈ మార్పిడి అసలు అక్కర్లేదు. మొత్తం ఆలస్యాన్నే మోడల్‌లోకి తీసుకుంటారు. 2005 నుంచి నడుస్తున్న యూరప్ దేశాల ఈ-జీవాప్ కార్యక్రమం ఇలాగే చేస్తోంది.

లెక్క ఎవరు కట్టాలి

ఒకటి రెండు స్టేషన్లకు పీపీపీ పద్ధతి (కచ్చితమైన కక్ష్య, గడియారం డేటాతో ఒక్కో రిసీవర్‌ను విడిగా లెక్కకట్టడం) సరిపోతుంది. కెనడా ప్రభుత్వ సంస్థ నడిపే సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీకి రైనెక్స్ (రిసీవర్ డేటాకు అందరూ వాడే రూపం) ఫైల్ పంపితే స్థానంతో పాటు ఆలస్యం కూడా వస్తుంది. మొదటి నెల దానితోనే పని చేయమంటాను. మీ డేటా బాగుందో లేదో సాఫ్ట్‌వేర్ నేర్చుకోకముందే తెలుస్తుంది. ఆ తర్వాత సొంతంగా చేసుకోవాలంటే వూహాన్ విశ్వవిద్యాలయం వారి ప్రైడ్ పీపీపీ-ఏఆర్, అలాగే గోజీపీఎస్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతాయి.

స్టేషన్ల గుంపు ఉంటే బెర్నీస్, గామిట్ సాఫ్ట్‌వేర్లతో డబుల్ డిఫరెన్స్ (రెండు స్టేషన్లు, రెండు ఉపగ్రహాల మధ్య తేడాలు తీసి లెక్కకట్టడం) చేయొచ్చు. ఒక్క షరతు. స్టేషన్లన్నీ దగ్గర దగ్గరగా ఉంటే అవి ఉపగ్రహాల్ని దాదాపు ఒకే కోణంలో చూస్తాయి. అప్పుడు వాటి మధ్య ఆవిరి తేడా వస్తుంది కానీ అసలు విలువ తేలదు. 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఐజీఎస్ స్టేషన్లను కొన్నింటిని కలుపుకోవాలి.

ఉపగ్రహాల కక్ష్య, గడియారం డేటా మీ తొందరను బట్టి ఎంచుకోవాలి. ఐజీఎస్ ఫైనల్ ఉత్పత్తులకు సుమారు రెండు వారాలు ఆగాలి, ర్యాపిడ్‌కు ఒకటి రెండు రోజులు. గంటలోపు కావాలంటే అల్ట్రా ర్యాపిడ్‌లోని అంచనా భాగం, లేదా 2013 నుంచి నడుస్తున్న రియల్‌టైమ్ సేవ. పరిశోధనకైతే ఫైనల్ కోసం ఆగండి. మ్యాపింగ్ ఫంక్షన్ (ఏటవాలు దిశ ఆలస్యాన్ని నడినెత్తి దిశకు మార్చే సూత్రం) విషయంలో ఎక్కువ ఆలోచించొద్దు. వీఎంఎఫ్3 లేదా వీఎంఎఫ్1 పెట్టుకుని ముందుకు సాగండి.

దీర్ఘకాలపు ధోరణి చూసేవాళ్లు ఇంకొంచెం కఠినంగా ఉండాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అయినా పదేళ్లలో కనిపించే మార్పు చాలా చోట్ల మిల్లీమీటరులో భిన్నమే. యాంటెన్నా మార్చినా, దాని మీది రేడోమ్ (రక్షణ కప్పు) తీసినా, మధ్యలో సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ మార్చినా అంతకంటే పెద్ద మెట్టు పడుతుంది. పాత డేటానంతా ఒకే సెట్టింగ్‌తో మళ్లీ లెక్కకట్టాలి, ప్రతి మార్పునూ తేదీతో సహా రాసి పెట్టాలి.

స్టేషన్ మొదలైన మొదటి నెలలో దగ్గర్లోని రేడియోసాండ్‌తోనో ఈఆర్ఏ5తోనో తేడా గీసి చూడండి. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఎత్తు, పీడనం లెక్క తప్పింది. పగలొకలా రాత్రొకలా ఉంటే సాండ్ సెన్సార్‌ను అనుమానించాలి, బారోమీటర్ ఎండలో ఉందేమో కూడా చూడాలి. రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ అదే గీత తిరిగి వస్తుంటే అది ఉపగ్రహాల అమరికతో పాటు తిరిగే ప్రతిబింబ సిగ్నళ్ల పని, యాంటెన్నా చుట్టూ ఏముందో వెళ్లి చూడండి. ఒక రోజు ఉన్నట్టుండి మెట్టు పడి అలాగే ఉండిపోతే ఆ రోజు స్టేషన్‌కు ఎవరు వెళ్లారో అడగండి.